నదీతీర నడక అని పిలిచి రోజంతా కొండలెక్కిస్తారా? రైన్, మోజెల్ ద్రాక్షకొండల కాలిబాటల గురించి

నిదానం_నారాయణ
సెప్టెంబరు చివర్లో జర్మనీలో ద్రాక్షతోటల మధ్య కొన్ని రోజులు నడవాలని నేనూ నా భార్యా అనుకుంటున్నాం. రైన్ నది కుడి ఒడ్డున బాన్ నుంచి వీస్‌బాడెన్ వరకు 320 కిలోమీటర్ల రైన్‌స్టైగ్ ఉంది. మోజెల్ నది వెంట పెర్ల్ నుంచి కోబ్లెంజ్ వరకు 365 కిలోమీటర్ల మోజెల్‌స్టైగ్ ఉంది. రెండింటిలో ఏదో ఒకదానిలో కొంత భాగం నడవాలన్నది మా ఆలోచన. ఎవరిని అడిగినా "హాయిగా నది పక్కన నడక" అనే అంటున్నారు. తీరా పటం తెరిచి ఎత్తుల రేఖ చూస్తే అది రంపపు పళ్లలా ఉంది. ఊరు వచ్చిన ప్రతిసారీ నది మట్టానికి దిగడం, ఊరు దాటగానే మళ్లీ ఎక్కడం. పోనీ పైన ద్రాక్షతోటలైనా ఉన్నాయా అంటే పటంలో చాలాచోట్ల అడవి రంగే కనిపిస్తోంది. ఒడ్డునే చదునైన సైకిల్ బాట ఉండగా మనుషులను ఇలా తిప్పడంలో అర్థమేమిటో, రెండు నదుల్లో దేన్ని ఎంచుకోవాలో తెలిసినవారు చెప్పగలరు.

కొండగాలి
ఒడ్డున ఉన్న సైకిల్ బాట మీద ఒక్క పూట నడిచి చూడండి, జవాబు దొరికిపోతుంది. ఒక చెవి పక్కన కార్లు, రెండో చెవి పక్కన గూడ్సు బండ్లు, వెనక నుంచి సైకిల్ గంటలు.

పలకరాయి
దారి వేసినవారిని అనడానికేమీ లేదు, అక్కడి నేల తీరే అంత. రైన్, మోజెల్ రెండూ ఒక పాత పలకరాతి పీఠభూమిని కోసుకుంటూ పారుతున్నాయి. నేల మెల్లగా పైకి లేస్తున్నకొద్దీ నదులు తమ పాత వంకలను వదలకుండా లోతుకు కోసుకుపోయాయి. మోజెల్ అన్ని మెలికలు తిరగడానికి కారణం అదే, ఒడ్డున రోడ్డుకూ రైలుకూ తప్ప చోటు మిగలకపోవడానికీ కారణం అదే. పీఠభూమి మీది నుంచి వచ్చే వాగులు కూడా ఎవరి లోయను వారు కోసుకున్నాయి. కొండ అంచున నడిచేవారు ఒక్కో వాగు దగ్గర దిగి మళ్లీ ఎక్కవలసిందే, ఊళ్లేమో ఆ వాగులు నదిలో కలిసే మూలల్లోనే వెలిశాయి.

ఇక అడవి సంగతి. ఆ తోటలు ఉన్నది 50 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా. అంత ఉత్తరాన ద్రాక్ష బాగా పండాలంటే దక్షిణానికో నైరుతికో తిరిగిన వాలు కావాలి. నిటారు వాలు మీద ఎండ సూటిగా పడుతుంది, నల్లటి పలకరాయి పగలంతా వేడిని పట్టి ఉంచి రాత్రికి వదులుతుంది, కింద నీళ్లు చలిని కొంత మెత్తబరుస్తాయి. ఉత్తరానికి తిరిగిన వాలుకు ఈ భాగ్యం లేదు కాబట్టి దాన్ని అడవికి వదిలేశారు. నది మెలిక తిరిగిన ప్రతిసారీ ఎండ తగిలే ఒడ్డు మారిపోతుంది. కాబట్టి మొత్తం దారిలో ఎంత నడుద్దాం అని లెక్క వేయకండి. పటంలో ఏ ముక్క ఎండ వైపు తిరిగి ఉందో చూసి, ఆ ముక్కలను ఏరుకోండి.

సుభద్ర_కె
పలకరాయి గారు చెప్పినదానికి ఒక ఉదాహరణ. వీస్‌బాడెన్ నుంచి రూడెస్‌హైమ్ వరకు సుమారు ముప్పై కిలోమీటర్లు రైన్ పడమటికి మళ్లి పారుతుంది. అందువల్ల ఉత్తరపు ఒడ్డు మొత్తం దక్షిణానికి తిరిగి ఉంది, అదే రైన్‌గౌ ప్రాంతం. అక్కడ వాలు కూడా మెత్తనే. రైన్‌స్టైగ్ ఈ చివరన 1136లో స్థాపించిన ఎబర్‌బాహ్ మఠం మీదుగా, యోహానిస్‌బెర్గ్ కోట పక్కగా వెళ్తుంది. మోకాళ్లను కాపాడుకోవాలనుకునేవారు దక్షిణపు కొస నుంచి మొదలుపెట్టడమే మేలు.

కొండగాలి
సుభద్ర గారూ, అది తోట చూసినట్టు ఉంటుంది గాని లోయ చూసినట్టు ఉండదు. రైన్ లోయ అసలు రూపం బింగెన్, రూడెస్‌హైమ్ దాటాకే మొదలవుతుంది. అక్కడి నుంచి కోబ్లెంజ్ వరకు ఉన్న 65 కిలోమీటర్ల లోయనే 2002లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రైన్‌స్టైగ్‌లో ఒక్క రోజే నడవగలనని ఎవరైనా అంటే నేను కౌబ్ నుంచి సాంక్ట్ గోర్స్‌హౌజెన్ వరకు నడవమంటాను. సుమారు 22 కిలోమీటర్లు, శ్రమ ఎక్కువే. అయితే కౌబ్ దగ్గర నది నడుమ లంక మీద 14వ శతాబ్దంలో సుంకం వసూలుకు కట్టిన ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్ కోట పైనుంచి కనిపిస్తుంది, దారి చివర్లో నీటికి 132 మీటర్ల ఎత్తున లోరెలై శిల వస్తుంది. మధ్యలో అడవి ఉన్న మాట నిజమే. ఎండలో తోటల మధ్య రెండు గంటలు నడిచినవారికి ఆ అడవి విలువ తెలుస్తుంది.

ద్రాక్షతీగ
నేను కోబ్లెంజ్‌లో ఉంటాను, రెండు నదులూ మా ఊళ్లోనే కలుస్తాయి కాబట్టి పక్షపాతం లేదనుకుంటాను. తోటల కోసమే వచ్చేవారికి మోజెల్ మంచిది. కోబ్లెంజ్‌కు పైన రైన్ ఇరుకు లోయలో సాగు బాగా తగ్గిపోయింది, ఆ ప్రాంతం మొత్తం మీద ఇప్పుడు ద్రాక్ష 500 హెక్టార్లకు లోపే. మోజెల్‌లో అది ఎనిమిది వేల హెక్టార్ల పైమాట. రైన్ వాలుల మీద ముళ్లపొదల మధ్య పాత రాతిగోడలు మెట్లు మెట్లుగా కనిపిస్తే అవన్నీ ఒకప్పటి తోటలే. నిటారు వాలు మీద యంత్రం నడవదు, కూలి ఖర్చు కొన్ని రెట్లు ఎక్కువ, పిల్లలు వేరే ఉద్యోగాలకు పోయారు. అందంగా ఉందని మనం ఫొటో తీసుకునే గోడ ఎవరో ఒకరు మానేసిన సేద్యం.

మోజెల్‌లో నడిచేటప్పుడు ఒక తీగ దగ్గర ఆగి చూడండి. పాత పద్ధతి తోటల్లో తీగల వరుసకు ఇనుప తీగ కట్టరు, ఒక్కో మొక్కకు ఒక్కో కర్ర గుంజ ఉంటుంది. రెండు కొమ్మలను చెరోవైపు వంచి, కింద గుంజకే కడతారు, చూడడానికి హృదయాకారంలో ఉంటుంది. పని చేసేవారు గుంజను చేత్తో పట్టుకుని వాలు మీద అటూ ఇటూ కదలగలగాలి, అందుకే ఆ ఏర్పాటు. కాలి కింద నేల మట్టిలా ఉండదు, చేతి వెడల్పు పలకరాతి ముక్కలు పరిచినట్టు ఉంటుంది, అడుగు వేస్తే గలగలమని జారతాయి. వాటి మధ్యగా ఒంటి పట్టా ఒకటి కొండ మీదికి పోతూ కనిపిస్తుంది. ఎరువునూ పండునూ మోసే చిన్న బండి దాని మీద నడుస్తుంది, దాని దారికి అడ్డం నిలబడకండి.

నిదానం_నారాయణ
పలకరాయి గారి వివరణతో పటం అర్థమైంది, ద్రాక్షతీగ గారి మాటతో మనసు మోజెల్ వైపు మొగ్గుతోంది. అయితే రోజూ సామాను మోసుకుంటూ ఊరు మారడం మాకు ఇష్టం లేదు. ఒకే ఊళ్లో గది తీసుకుని నడవడం కుదురుతుందా?

రేవుదాటి
కుదురుతుంది, రైలు ఉన్నచోట ఉంటే. కోబ్లెంజ్ నుంచి బుల్లై వరకు రైలు మార్గం చాలామటుకు మోజెల్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది. ఆ తర్వాత పాత రెండంతస్తుల వంతెన మీదుగా నదిని దాటి, పట్టాలు నదిని వదిలి విట్‌లిక్ వైపు పోతాయి. ట్రాబెన్-ట్రార్‌బాహ్ వరకు ఒక చిన్న శాఖ ఉంది గాని, బెర్న్‌కాస్టెల్ వంటి మధ్య మోజెల్ ఊళ్లకు బస్సే గతి. అందుకని కోకెమ్‌లో దిగండి. కోకెమ్‌కూ ఎల్లర్‌కూ మధ్య నది చాలా పెద్ద మెలిక తిరుగుతుంది, రైలు మాత్రం 1879లో తెరిచిన 4.2 కిలోమీటర్ల సొరంగంలో దూరి నిమిషాల్లో అవతల తేలుతుంది. ఎల్లర్ నుంచి బైల్‌స్టైన్ ఒక రోజు, బైల్‌స్టైన్ నుంచి కోకెమ్ ఇంకో రోజు నడవవచ్చు. బైల్‌స్టైన్‌లో రైలు లేదు, బస్సు వేళలు ముందే చూసుకోండి.

పప్పులో_ఉప్పు
రోజంతా నడిచిన దూరాన్ని రైలు సొరంగంలోంచి నిమిషాల్లో దాటేస్తుంటే పక్కన కూర్చున్న భార్య ముఖంలోకి చూడకండి, నారాయణ గారూ.

చేతికర్ర
ఎల్లర్ దాకా వెళ్లి కాల్‌మాంట్ వదిలేసి రాకండి. ఎల్లర్, బ్రెమ్ ఊళ్ల మధ్య ఉన్న ఆ తోట వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల వరకు ఉంటుంది, యూరప్‌లోని అత్యంత నిటారు ద్రాక్షతోటల్లో దాన్ని చెప్పుకుంటారు. తోట నడుమ నుంచే ఇనుప నిచ్చెనలు, తాళ్లు బిగించిన సన్నని బాట ఒకటి ఉంది. పర్వతారోహకులు అక్కర్లేదు గాని, కింద లోయ కనబడితే కళ్లు తిరిగేవారికీ వాన కురిసిన రోజుకూ అది పనికిరాదు. తడిసిన పలకరాయి సబ్బుబిళ్లే. బ్రెమ్ దగ్గర నది దాదాపు పూర్తి వలయం తిరిగి, లోపలి గట్టు మీద స్టూబెన్ మఠం శిథిలాన్ని వదిలి వెళ్తుంది. మోజెల్‌స్టైగ్ అసలు దారి శిఖరం మీదుగా పోతుంది కాబట్టి భయపడేవారు పైనుంచే అదంతా చూడవచ్చు.

సుభద్ర_కె
చేతికర్ర గారు ఎక్కడం గురించే చెప్పారు. నా అనుభవంలో బాధ పెట్టేది దిగడం. తోట మెట్లు మనిషి అడుగు కొలతకు కట్టినవి కావు, గోడలోంచి పొడుచుకు వచ్చిన రాళ్లు అవి. రెండు చేతికర్రలు తప్పనిసరి.

దానూబ్_దాసు
ఇంత బాధ ఎందుకండీ, ఆస్ట్రియాకు రండి. దానూబ్ మీద మెల్క్, క్రెమ్స్ ఊళ్ల మధ్య ఉన్న వాఖౌ లోయ 2000లోనే ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. రెండు ఒడ్డులనూ చుట్టి వచ్చే 180 కిలోమీటర్ల బాటను 14 భాగాలుగా విభజించారు. ద్రాక్షతో పాటు ఆప్రికాట్ తోటలు, సున్నం వాడకుండా పేర్చిన రాతిగోడలు, 1192లో ఇంగ్లండు రాజు మొదటి రిచర్డును బంధించిన డూర్న్‌స్టైన్ కోట, అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. స్పిట్జ్ దగ్గర నది దాటించే పంటుకు ఇంజను కూడా లేదు. అడ్డంగా కట్టిన తాడును పట్టుకుని ప్రవాహం తోపుతోనే అవతలి ఒడ్డు చేరుతుంది.

కొండగాలి
దాసు గారూ, అక్కడ ఎక్కుడు దిగుడు లేనట్టు మాట్లాడుతున్నారు. డూర్న్‌స్టైన్ కోటకు ఎగబాకినవారికి సంగతి తెలుసు.

దానూబ్_దాసు
ఎక్కుడు లేదని నేను ఎక్కడన్నాను? ఎక్కినందుకు ఫలితం త్వరగా దక్కుతుందన్నాను.

పలకరాయి
పంటు మాట వచ్చింది కాబట్టి రైన్ వైపు వెళ్లేవారికి ముఖ్యమైన విషయం. మైన్జ్, వీస్‌బాడెన్ వంతెనల తర్వాత కోబ్లెంజ్ వరకు నది మీద ఒక్క వంతెన కూడా లేదు. రెండు ఒడ్డులనూ కలిపేవి పంట్లే. బింగెన్–రూడెస్‌హైమ్, నీడర్‌హైమ్‌బాహ్–లోర్హ్, కౌబ్, సాంక్ట్ గోర్, బోపార్డ్, ఈ రేవుల్లో అవి తిరుగుతాయి. రాత్రి ఆగిపోతాయి, శీతకాలంలో వేళలు తగ్గుతాయి, వరద వస్తే పూర్తిగా ఆపేస్తారు. కుడి ఒడ్డున నడిచి ఎడమ ఒడ్డున గది తీసుకున్నవారు చివరి పంటు ఎన్నింటికో తెలుసుకునే బయలుదేరాలి.

గది_వెతుకులాట
అదీ కాక గది ఏ ఒడ్డున తీసుకున్నా రైలు పట్టాల వైపు కిటికీ వద్దని ముందే చెప్పండి. కుడి ఒడ్డు మార్గంలో గూడ్సు బండ్లు రాత్రంతా నడుస్తాయి. లోయ ఇరుకు కాబట్టి ఆ చప్పుడు ఎదుటి కొండకు తగిలి మళ్లీ వస్తుంది. మాకు గది ఇచ్చినాయన "నదికి ఎదురుగా" అని మాత్రమే చెప్పాడు, గదికీ నదికీ మధ్య ఏముందో చెప్పలేదు.

శ్రీవల్లి_ఎమ్
మేము వైన్ తాగము. అలాంటివారు ఈ బాటల మీద నడిచి ఏం లాభం అని మా బృందంలో ఒకరు ఎగతాళి చేశారు. నిజంగా అంతేనా?

ద్రాక్షతీగ
శ్రీవల్లి గారూ, తోట చూడడానికి తాగవలసిన అవసరం ఏముంది? చాలామంది రైతులు తమ పండుతో తీసిన ద్రాక్షరసం కూడా అమ్ముతారు, తోటల్లోనే పెరిగే ఎర్రకండ మోజెల్ పీచ్‌తో చేసిన జామ్ దొరుకుతుంది. వాలులు వేడిగా ఉంటాయి కాబట్టి గోడల మీద బల్లులు ఎండకు పడుకుని ఉంటాయి. కోబ్లెంజ్ వైపు దిగువ మోజెల్ వాలుల్లో, ముఖ్యంగా వినింగెన్, వాల్‌విగ్ దగ్గర, తెల్ల రెక్కల మీద ఎర్రచుక్కలున్న అపోలో సీతాకోకచిలుక ఎగురుతుంది. దాన్ని చూడాలంటే మాత్రం సెప్టెంబరు కాదు, జూన్‌లో రావాలి.

తాగేవారికి కూడా ఒక మాట. ఇక్కడి తెల్ల వైన్ రీస్లింగ్‌లో తేలికపాటి రకాల్లో ఆల్కహాలు ఎనిమిది, తొమ్మిది శాతమే ఉంటుంది కదా అని మధ్యాహ్నం రెండు గ్లాసులు పుచ్చుకుని నిటారు మెట్లు దిగకండి. ఊరు చేరాక తీసుకోండి.

చేతికర్ర
ఊరు చేరాక అంటే రైతుల ఇళ్లలో తెరిచే స్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్‌లు చూడండి. రైతు తన సొంత వైన్‌ను ఏడాదిలో నాలుగు నెలలకు మించకుండా, నలభై కుర్చీలకు మించకుండా ఇంట్లోనో పెరట్లోనో అమ్ముకోవచ్చు, తినడానికి రొట్టె, జున్ను వంటి తేలిక వంటకాలు ఉంటాయి. గుమ్మానికి కొమ్మల కట్ట వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు. నగదు దగ్గర పెట్టుకోండి.

నిదానం_నారాయణ
సెప్టెంబరు చివర అంటే కోతల కాలం కదా. అప్పుడు తోటల్లోకి రానిస్తారా, దారులు మూసేస్తారా? ఎక్కడో హెలికాప్టరుతో మందు చల్లుతారని కూడా చదివాను.

ద్రాక్షతీగ
హెలికాప్టరు మాట నిజమే. ట్రాక్టరు ఎక్కలేని వాలుల మీద మోజెల్‌లో వేసవిలో అలా చల్లుతారు, ఆ సమయంలో బాట దగ్గర హెచ్చరిక పెడతారు. కోతకు ముందే ఆ పని ముగిసిపోతుంది కాబట్టి మీకు ఎదురుకాదు. కోత వేళ కొన్ని ఊళ్లు తోటల లోపలి చిన్న బాటలను మూస్తాయి, గుర్తులున్న ప్రధాన బాటలో ఎక్కడైనా మార్పు ఉంటే అక్కడే బోర్డు కనిపిస్తుంది, దాన్ని పాటించండి. బాట మీద ట్రాక్టరు వస్తే మీరే పక్కకు తప్పుకోండి, ఏడాది కష్టం ఆ తొట్టెల్లో ఉంటుంది. గుత్తి చేతికి అందుతోంది కదా అని తుంచకండి, అది దొంగతనమే. ఉన్నట్టుండి తుపాకీ పేలినట్టు చప్పుడు వస్తే బెదిరిపోకండి, పిట్టలను తోలడానికి గ్యాసుతో పేల్చే గొట్టాలు అవి.

పప్పులో_ఉప్పు
కోత వేళ వెళ్లేవారికి ఇంకో ప్రమాదం ఉంది. ఫెడర్‌వైసర్ అని ఇంకా పులుస్తూనే ఉన్న కొత్త వైన్ అమ్ముతారు. గ్యాసు పోవడానికి సీసా మూత బిగించరు. దాన్ని పడుకోబెట్టి వీపు సంచిలో పెట్టుకున్న ఒకాయనను బుల్లై స్టేషనులో చూశాను. రైలంతా ఆయన మీద తేనెటీగలే.

మంగళ_పి
అమ్మానాన్నలు మాతో వస్తున్నారు, ఇద్దరికీ అరవై అయిదు దాటింది. నిచ్చెనలు, పలకరాళ్లు చదువుతుంటేనే నాకు భయం వేస్తోంది. వారికి ఏదైనా దారి ఉందా?

సుభద్ర_కె
మంగళ గారూ, రూడెస్‌హైమ్ వెళ్లండి. తోటల మీదుగా వెళ్లే కేబుల్ కారు నీడర్‌వాల్డ్ స్మారకం దగ్గర దించుతుంది. అక్కడి నుంచి అడవిలో పెద్దగా ఎక్కుడు లేని నడక, అవతల ఆస్‌మాన్స్‌హౌజెన్‌కు దించే కుర్చీల తాడుబండి, తిరిగి రూడెస్‌హైమ్‌కు పడవ. లోయ ముఖద్వారం మొత్తం కనిపిస్తుంది, మోకాలికి పని తక్కువ. బోపార్డ్‌లో కూడా కుర్చీల తాడుబండి ఉంది, పైనుంచి రైన్ పెద్ద మెలిక చూడవచ్చు.

కొండగాలి
ఇన్నాళ్లకు సుభద్ర గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

పలకరాయి
ఒక ఫిర్యాదు నాకూ ఉంది. మధ్య మోజెల్‌లో ఊర్‌జిగ్, జెల్టింగెన్ తోటల పైన 2019లో తెరిచిన హోఖ్‌మోజెల్ వంతెన సుమారు 160 మీటర్ల ఎత్తున లోయకు అడ్డంగా పోతుంది. పైన కొండలోకి నీరు ఇంకే తీరు మారి కింది తోటలకు తడి అందదేమోనని రైతులు అభ్యంతరం చెప్పారు. ఎంత నడిచినా అది కంటి ముందు నుంచి కదలదు.

రేవుదాటి
నాకు ఆ వంతెన బాగానే ఉంది. రైలు వయాడక్టులను, అంటే వరుస కమానుల మీద పోయే పొడవాటి వంతెనలను కూడా కట్టిన కొత్తలో ఎవరో ఒకరు తిట్టే ఉంటారు, ఇవాళ ప్యూండెరిహ్ దగ్గర 786 మీటర్ల రైలు వయాడక్టును చూడడానికి జనం కొండెక్కుతున్నారు.

పలకరాయి
రైలు వయాడక్టు వాలును అంటుకుని పోతుంది, ఇది లోయను దాటేస్తుంది. రెండింటికీ పోలిక లేదు. దీని గురించి వేరే చర్చ మొదలుపెడదాం.

నిదానం_నారాయణ
అయితే కోకెమ్‌లో గది ఖాయం. ఎల్లర్ నుంచి శిఖరం మీదుగా బ్రెమ్, ఎల్లర్ నుంచి బైల్‌స్టైన్, బైల్‌స్టైన్ నుంచి కోకెమ్, ఇవి మోజెల్‌లో. చివరిరోజు రైన్ కోసం కౌబ్ వెళ్లి వస్తాం. ఇంకేమైనా వదిలేశానా?

చేతికర్ర
ఎల్ట్స్ కోట వదిలేశారు. ట్రైస్-కార్డెన్ స్టేషను నుంచి మోజెల్‌కెర్న్ స్టేషను వరకు మోజెల్‌స్టైగ్ మీద ఒక పూట నడక, మధ్యలో అడవి లోయలో కోట. ఎనిమిది శతాబ్దాలకు పైగా ఒకే వంశం చేతుల్లో ఉంది, పాత 500 జర్మన్ మార్కుల నోటు వెనక బొమ్మ కూడా అదే. ద్రాక్షతోటలు ఆ రోజు తక్కువే, అడవి మీద మీకున్న కోపం కూడా తగ్గుతుంది.

రేవుదాటి
కౌబ్ సంగతి ఆలోచించుకోండి. కోకెమ్ నుంచి కోబ్లెంజ్‌లో బండి మారి వెళ్లాలి, నడక సుమారు 22 కిలోమీటర్లు, సెప్టెంబరు చివర ఏడు దాటగానే చీకటి పడుతుంది. పొద్దున మొదటి బండ్లలోనే బయలుదేరాలి. లేదా దూరం తగ్గించుకుని సాంక్ట్ గోర్స్‌హౌజెన్ వైపు నుంచి లోరెలై వరకు ఎక్కి దిగండి. రైన్‌స్టైగ్ గుర్తు నీలం మీద తెల్లటి ఆర్ అక్షరం, పసుపు మీద ఉంటే అది ఊరి నుంచి ప్రధాన బాటకు చేర్చే దారి. అలసిపోయినప్పుడు పసుపు గుర్తు పట్టుకుంటే కిందికి దిగవచ్చు.

టికెట్టు కోసం డాయిచ్‌లాండ్‌టికెట్ చూడండి. 2023 మే నెలలో 49 యూరోలకు మొదలైంది, 2025లో 58 అయింది, ఆ తర్వాత మళ్లీ పెంచారు, కాబట్టి ఈనాటి ధర చూసుకోండి. ఈ లోయల్లో ఆగే ప్రాంతీయ రైళ్లన్నింటికీ, బస్సులకూ చెల్లుతుంది, వేగపు రైళ్లకు చెల్లదు. అది నెలవారీ చందా కాబట్టి ఆ నెల పదో తేదీలోపు రద్దు చేయకపోతే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. మీరు సెప్టెంబరు చివర వస్తున్నారు, నెల మారితే రెండు నెలలకూ కట్టవలసి వస్తుంది. ప్రయాణాన్ని 30వ తేదీలోపు ముగించేలా చూసుకోండి.

నిదానం_నారాయణ
విమాన టికెట్లు ఇంకా తీసుకోలేదు. రెండు రోజులు ముందుకు జరుపుతాను. చేతికర్రలు రెండు జతలు ఈరోజే తెప్పిస్తున్నాను.